భయంతో ఆడుకున్న ఆటలు



కార్యక్రమ పత్రికలో నా పేరు పక్కన "విషయం: వారి ఇష్టం" అని అచ్చు వేశారు. ఇష్టం నాకే వదిలేస్తే భాషను గురించో, పండుగలను గురించో నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చుంటానని వారి నమ్మకం కాబోలు. నేను దెయ్యాలాటను గురించి మాట్లాడదలచుకున్నాను. దెయ్యాలు ఉన్నాయా లేవా అనే చర్చలోకి మాత్రం దిగను. అది నా వయసువాడు త్వరలో స్వయంగా తేల్చుకోవలసిన సంగతి. లేని దెయ్యానికి భయపడడం కోసం నలుగురు స్నేహితులు కూడబలుక్కుని చీకట్లోకి ఎందుకు వెళ్తారు, వెళ్ళి వణికి, కేకలు పెట్టి, బయటికి వచ్చి పొట్ట చెక్కలయ్యేలా ఎందుకు నవ్వుతారు, మళ్ళీ రేపు వెళ్దామని ఎందుకంటారు - నా ప్రశ్న ఇంతే.

ఇది పుట్టడానికి కారణం మా మనవడు. మొన్న దీపావళి సెలవుల్లో ఒక రాత్రి పదకొండు దాటాక పైగదిలోంచి "అమ్మో! నాయనో!" అని పెద్ద కేక వినిపించింది. మా మనవడు నాతో మాట్లాడేది సగం ఇంగ్లీషు, పావు మలయ్, మిగిలిన పావు తలూపడం. వాడి నోట అంత స్వచ్ఛమైన తెలుగు వినేసరికి ఏదో ప్రమాదమే జరిగిందనుకుని మెట్లెక్కాను. దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి. మనవడు, మనవరాలు చెరొక కంప్యూటరు ముందు చెవులకు యంత్రాలు తగిలించుకుని కూర్చున్నారు. జోహోర్‌లో ఉన్న మేనల్లుడి కొడుకు, క్లాంగ్‌లో ఉన్న ఒక చైనీస్ కుర్రవాడు తీగల మీదుగా వీళ్ళతో కలిశారు. నలుగురూ కలిసి ఒక పాడుబడ్డ ఇంట్లో దెయ్యాన్ని వెతుకుతున్నారు.

ఆట పేరు ఫాస్మోఫోబియా. 2020 సెప్టెంబరులో బయటికి వచ్చింది. నలుగురి వరకు కలిసి ఆడవచ్చు. ఇంటి బయట ఒక వ్యాను నిలిపి ఉంటుంది. దాంట్లోంచి టార్చిలైటు, ఉష్ణమాపకం, ఉప్పు వంటి సామాను తీసుకుని లోపలికి వెళ్ళాలి. ఆ ఇంట్లో ఉన్నది ఏ జాతి దెయ్యమో ఆనవాళ్ళను బట్టి తేల్చాలి. అది నేల మీద చల్లిన ఉప్పును తొక్కితే అడుగుజాడ పడుతుంది. మా నాయనమ్మ ఉప్పుతో దిష్టి తీసేది. ఈ దొరల ఆటలోకీ ఉప్పు వచ్చిందే అని నాకు ముచ్చటేసింది. చీకట్లో ఎక్కువసేపు ఉంటే ఆటగాడి మనోధైర్యం లెక్క ప్రకారం తగ్గిపోతుంది. అది తగ్గితే దెయ్యం వేటకు వస్తుంది. దీపాలు మిణుకు మిణుకుమంటాయి, వీధి తలుపు తనంత తానే బిగుసుకుంటుంది. అప్పుడు ఏ బీరువాలోనో దూరి ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. ఎందుకంటే ఆటగాళ్ళు నోటితో మాట్లాడే మాట ఆ దెయ్యానికి వినిపిస్తుంది! మైకులోంచి గొంతు పట్టుకుని, దాన్ని బట్టి మసలుకునేలా తయారుచేశారట. పేరు పెట్టి పిలిస్తే దానికి కోపమని పిల్లలు చెప్పారు.

నేను అలవాటు చొప్పున కోప్పడ్డాను. "అర్ధరాత్రి ఇదేమి ఆటరా, హాయిగా పడుకోక" అన్నాను. వాడు ఒక చెవి మీది యంత్రం పక్కకు జరిపి, "తాతా, చిన్నప్పుడు నువ్వు ఆడలేదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు ఉంది. కానీ ఆ జవాబులో సగం నేను ఎవరికీ చెప్పని భాగం. అందుకే కిందికి వచ్చేశాను. ఆ జవాబు ఇవాళ ఇక్కడ చెబుతున్నాను.

నేను పుట్టింది దిగువ పేరాక్‌లో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక కొబ్బరితోటలో. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి మా ముత్తాతల కాలంలో వచ్చినవాళ్ళే ఆ లైన్లలో ఎక్కువమంది. 1963లో నాకు తొమ్మిదేళ్ళు. రాత్రి పదింటికి తోట ఇంజను ఆపేసేవారు. అది ఆగడానికి ముందు దీపాలు ఒకసారి ఎర్రబడేవి. ఆ మరుక్షణం చీకటి. ఈనాటి పిల్లలకు ఆ చీకటి తెలియదు. ఇప్పుడు ఆర్పిన గదిలో కూడా ఏదో ఒక యంత్రం కన్ను పచ్చగా మెరుస్తూనే ఉంటుంది. ఆనాటి చీకట్లో మన చెయ్యి మనకు కనిపించేది కాదు. కాలవల్లో కప్పల బెకబెకలు, పైనుంచి దబ్బున రాలే కొబ్బరికాయ, గాలికి ఒరుసుకునే మట్టల చప్పుడు - ఇవే లోకం.

మా లైన్లకు ఒక ఫర్లాంగు దూరంలో కొబ్బరి ఆరబెట్టే బట్టీ కొట్టు ఉండేది. పొగచూరిన గోడలు, వెచ్చటి నేల, కమురు వాసన. మా ఆట ఏమిటంటే, సాయంత్రమే ఒకరు వెళ్ళి ఆ కొట్టు లోపలి మూల ఒక కొబ్బరిచిప్ప పెట్టి రావాలి. ఇంజను ఆగాక ఇద్దరిద్దరుగా వెళ్ళి దాన్ని తేవాలి. దారిలో మిగిలినవాళ్ళు దెయ్యాలై పొంచి ఉంటారు. దెయ్యం మనిషిని ముట్టుకోకూడదు. చప్పుడు చేయవచ్చు, దుప్పటి ఊపవచ్చు. మా పెదనాన్నగారి పెద్దమ్మాయిని మేమంతా అప్పా అని పిలిచేవాళ్ళం. ఆవిడ మా ఆటకు చట్టం, న్యాయస్థానం. ఆవిడ పెట్టిన మొదటి నియమం, వెళ్ళిన ఇద్దరూ చేతులు వదలకూడదు. చేతులు వదిలినవాళ్ళు చిప్ప తెచ్చినా ఓడిపోయినట్టే. ఆ నియమం ఎందుకో అప్పుడు మాకు తెలియలేదు. దెయ్యాలు విడదీసి పట్టుకుంటాయి కాబోలు అనుకునేవాళ్ళం.

పక్క కంపోంగ్ నుంచి మలయ్ పిల్లలు కూడా వచ్చేవారు. వాళ్ళ దెయ్యాలను వాళ్ళు వెంట తెచ్చేవారు. ప్రసవంలో చనిపోయిన ఆడది పొంతియానాక్ అవుతుందనీ, అరటిచెట్టును ఆశ్రయించుకుని ఉంటుందనీ, మెడ వెనక మేకు దిగగొడితే మామూలు ఆడమనిషిగా మారిపోతుందనీ చెప్పేవారు. హంతు కోపేక్ అని ఇంకొకటుంది. సందెవేళ దాటాక దాగుడుమూతలు ఆడే పిల్లలను అది నిజంగానే దాచేస్తుందట. పిల్లలను వేళకు ఇంటికి చేర్చడానికి ఇంతకంటే మంచి దెయ్యాన్ని ఏ తల్లీ కల్పించలేదు. మా వైపు నుంచి కొరివిదెయ్యం, బ్రహ్మరాక్షసి వెళ్ళేవి. రాత్రిపూట అసలు పేర్లతో పిలుచుకోవద్దు, దెయ్యం విని గుర్తుపెట్టుకుంటుంది అని మలయ్ పిల్లలు హెచ్చరించేవారు. అందుకని మారుపేర్లు పెట్టుకున్నాం. నా మారుపేరు ఈ సభలో చెప్పదగినది కాదు.

మొన్న పైగదిలో మనవడు పేరు పెట్టి పిలవకూడదు అన్నప్పుడు, అరవై ఏళ్ళ కిందటి ఆ కంపోంగ్ పిల్లవాడి గొంతే విన్నట్టయింది.

ఇక ఈ భయంలో రుచి ఎక్కడుంది? మన పెద్దలు దీన్ని చిన్నచూపు చూడలేదు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దానికి రంగు నలుపు, అధిదేవత కాలుడు. వికృతమైన చప్పుళ్ళు, నక్కల కూతలు, గుడ్లగూబలు, శూన్యగృహాలు, అడవులు - వీటివల్ల అది పుడుతుందన్నాడు. మా బట్టీ కొట్టును చూసే రాశాడేమో అనిపిస్తుంది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని సాత్త్విక భావాలు ఎనిమిది. కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం అన్నమాట. చిప్ప కోసం వెళ్ళిన ప్రతి జంటలోనూ మొదటి అయిదూ కనిపించేవి. చివరిదాని సంగతి తరవాత చెబుతాను.

పులి ఎదురుపడితే కలిగేది భయమే, రసం కాదు. ప్రేక్షకుడు తన చోట తాను భద్రంగా కూర్చున్నప్పుడే అది రసమవుతుంది. ఆట ఒక వింత చేస్తుంది: ప్రేక్షకుణ్ణి లేపి రంగస్థలం మీదికే నెడుతుంది. అయినా కాలి కింద నేల తనదేనన్న ఎరుక మాత్రం మిగిల్చి ఉంచుతుంది. ఆ ఎరుక సన్నటి దారం లాంటిది. అది బిగువుగా ఉన్నంతసేపే ఆనందం.

దీన్ని కొలిచి చూసినవారు కూడా ఉన్నారు. డెన్మార్క్‌లో డిస్టోపియా అనే భయానక గృహం ఉంది. డబ్బిచ్చి లోపలికి వెళ్తే వేషగాళ్ళు మీదికి దూకి బెదరగొడతారు. ఆర్హుస్ విశ్వవిద్యాలయం వారు అక్కడికి వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి పంపారు. 2020లో ఫలితాలు ప్రకటించారు. భయం మరీ తక్కువైతే విసుగు, మరీ ఎక్కువైతే బాధ. నడుమ ఒక చోట ఆనందం శిఖరానికి చేరుతుంది. పులుసులో కారం సంగతి మా ఇంటి ఆడవాళ్ళు ఏ పరికరమూ లేకుండానే చెప్పేవారు, అది వేరే విషయం. నన్ను ఇంకా ఆలోచింపజేసింది అమెరికాలో కాలిఫోర్నియాలోని ఇటువంటి గృహంలోనే జరిగిన మరొక పరిశీలన, 2022లో వెలువడింది. గుంపులో స్నేహితులు ఎంత ఎక్కువమంది ఉంటే శరీరంలో ఉద్రేకం అంత ఎక్కువగా కనిపించిందట. తోడుంటే భయం తగ్గాలి కదా అని మనమనుకుంటాం. నా ఊహ ఏమిటంటే, పక్కవాడి వణుకు మన చేతిలోకి పాకుతుంది. వాడు అరిస్తే మనం అరుస్తాం, మన అరుపుకు వాడు మళ్ళీ అదురుతాడు. ఒక్కడి భయం నలుగురి మధ్య చేతులు మారుతూ పెరుగుతుంది. అయినా పారిపోము, ఎందుకంటే ఆ పెంచినవాడే పక్కన ఉన్నాడు. మా అప్ప నియమంలోని మర్మం ఇదే కావచ్చు.

అన్ని భయాలూ ఆటకు లొంగవు. ఒకసారి మాలో ఒకడికి కొత్త ఆలోచన వచ్చింది. దెయ్యాలకు బదులు జపాను సైనికులుగా పొంచి ఉండి, దొరికినవాళ్ళను లారీ ఎక్కించి సయాం తీసుకుపోవాలి. కర్రలు తుపాకులయ్యాయి. మేం రెండు వాక్యాలు అరిచామో లేదో, మా నాయనమ్మ గుడిసెలోంచి వచ్చి, చేతికందిన కర్రల్లా విరిచి కాలవలో పారేసింది. ఒక్క మాట అనలేదు. 1943లో ఆవిడ తమ్ముణ్ణి సయాం నుంచి బర్మా దాకా వేసే రైలు దారికి తీసుకుపోయారు. మలయా తోటల్లోంచి తమిళులతో పాటు మనవాళ్ళూ వెళ్ళారు. 415 కిలోమీటర్ల ఆ దారి పొడుగునా కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలకు వేలు చనిపోయారు. ఆయన తిరిగి రాలేదు. మాకు అది కథ, ఆవిడకు లారీ చప్పుడు. కొరివిదెయ్యం ఆటకు ఆవిడ ఎన్నడూ అడ్డు చెప్పలేదు. వెళ్ళేముందు నుదుట విభూతి పెట్టి పంపేది కూడా.

ఇక ఇందాక ఆపిన సంగతి. 1965లో, నాకు పదకొండేళ్ళప్పుడు, మా చిన్నాన్న కొడుకు మొదటిసారి ఆటకు వచ్చాడు. వాడికి ఏడేళ్ళు. ఆనాడు అప్ప లేదు. పెళ్ళై సితియావాన్ వెళ్ళిపోయింది. చట్టం నా చేతికి వచ్చింది. తమ్ముడికి నేనే జోడీ. కొట్టు దాకా చెయ్యి పట్టుకునే తీసుకువెళ్ళాను. లోపలికి అడుగుపెట్టాక, ముందే అనుకున్న ప్రకారం, చెయ్యి వదిలి బయటికి గెంతి తలుపు లాగి గడియ పెట్టాం. అందరం నవ్వుకుంటూ లైన్ల వైపు పరుగెత్తాం. రెండు నిమిషాల్లో వెళ్ళి తీద్దామనే మా ఉద్దేశం. మొదట వాడు అరిచాడు. తరవాత అరుపు ఆగిపోయింది. ధైర్యం తెచ్చుకున్నాడు అనుకున్నాం. వెళ్ళి తలుపు తీసేసరికి వాడు నేల మీద పడి ఉన్నాడు. భరతుడు చెప్పిన ఎనిమిదోది.

మూడు రోజులు జ్వరం. గుళ్ళో తాయెత్తు కట్టారు, కంపోంగ్ నుంచి బోమో వచ్చి నీళ్ళు మంత్రించాడు, తోట ఆసుపత్రి డ్రెస్సరు మాత్రలిచ్చాడు. జ్వరం దిగింది కాని మాట తడబడడం మొదలైంది. అది ఏడాది పైగా ఉంది. బళ్ళో పిల్లలు వెక్కిరించేవారు. గడియ ఎవరు పెట్టారో వాడు ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చిన్నాన్న దృష్టిలో అది దెయ్యం పనిగానే ఉండిపోయింది. ఆయన ఆ నమ్మకంతోనే కన్నుమూశారు. ఆ తరవాత నేను ఎన్నడూ ఆ ఆట ఆడలేదు. మనవడికి జవాబు చెప్పలేక మెట్లు దిగినది అందుకు.

మా ఇద్దరి మధ్యా మాటల్లేక కాదు. పెళ్ళిళ్ళలో, పండుగల్లో పక్కపక్కనే కూర్చున్నాం, కలిసి భోజనాలు చేశాం. ఈ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. నాలుగేళ్ళ కిందట వాడి మనవరాలి బారసాలనాడు, ఏదో మాట మీద నేనే అడిగేశాను. "ఒరే తమ్ముడూ, ఆ రాత్రి కొట్లో నీకేమి కనిపించిందిరా?" అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, "ఏమీ కనిపించలేదన్నయ్యా. దెయ్యమొస్తుందని నేననుకోనే లేదు. మీరు నవ్వుకుంటూ పోతున్న అడుగుల చప్పుడు వినిపించింది. అది దూరమైపోయింది. అంతే" అన్నాడు.

యాభై ఏళ్ళకు పైగా నేను వాణ్ణి భయపెట్టింది చీకటి అనుకుంటూ వచ్చాను.

దీపావళి మరునాడు నేనే పైగదికి వెళ్ళి, నన్నూ ఆడించమన్నాను. కళ్ళకు బిగించే యంత్రం ఒకటి ఉంటుంది. అది పెట్టుకుంటే గది మాయమై ఆ ఇంట్లోనే నిలబడి ఉంటాం. తల తిప్పితే ఇల్లు తిరుగుతుంది. గోడ పట్టుకోబోతే గాలి చేతికి తగులుతుంది. నాకు తల తిరిగి తూలబోయాను. మనవరాలు గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. కళ్ళముందు ఎవరూ లేరు, చేతి మీద మాత్రం చెయ్యి ఉంది. ఆ స్థితి నాకు బాగా తెలిసినదే.

ఆ ఆటలో ఒక ఏర్పాటు ఉంది. దగ్గరగా ఉన్న స్నేహితుడి గొంతు మామూలుగా వినిపిస్తుంది, దూరమైనకొద్దీ సన్నగిల్లుతుంది. దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడడానికి రేడియో ఇస్తారు. దెయ్యం వేటకు వచ్చినప్పుడు ఆ రేడియో గరగరమంటుంది, పలకదు. ఆటలో ఎవరైనా చనిపోతే వాడి మాట బతికున్నవాళ్ళకు వినిపించదు. జోహోర్ కుర్రవాడు "నేను వంటింట్లో..." అంటూ వాక్యం మధ్యలో ఆగిపోయాడు. పైగదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. మనవడు వాణ్ణి మూడుసార్లు పిలిచాడు. అంతసేపూ అరుపులకు అదరని నాకు, ఆ జవాబు లేకపోవడానికి ఒళ్ళు జలదరించింది. ఆట తయారుచేసినవాళ్ళు ఎవరో గాని, భయం ఎక్కడుంటుందో వాళ్ళకు బాగా తెలుసు. అయిదు నిమిషాల్లో ఆట ముగిసి, వాడు "మామా, నన్ను వదిలేసి పోయారు!" అని తిట్లు లంకించుకున్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా.

పిల్లలకు ఒక కట్టుబాటు ఉందని తరవాత తెలిసింది. ఎవరైనా "చాలు" అని తెలుగులో అంటే ఆ క్షణమే ఆట ఆపి దీపాలు వెయ్యాలి. ఇంగ్లీషులో "స్టాప్, స్టాప్" అని ఆటలోనే అరుస్తూ ఉంటారు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోరట. క్లాంగ్ చైనీస్ కుర్రవాడికి వచ్చిన ఒకే ఒక తెలుగు మాట అది. మన సంఘం తెలుగు తరగతులు సాధించలేనిది ఒక దెయ్యం సాధించింది, కార్యవర్గంవారు క్షమించాలి.

యువజన విభాగంవారు వచ్చే ఏడాది ఉత్సవాలకు ఒక చీకటి గది ఏర్పాటు చేస్తామంటున్నారు. కొందరు తల్లులు అభ్యంతరం చెప్పారని విన్నాను. నా అభిప్రాయం అడిగితే, చెయ్యనివ్వండి. కానీ తలుపుకు బయటి గడియ ఉండకూడదు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళతోనే వెళ్ళాలి. వద్దన్నవాణ్ణి పిరికివాడని వెక్కిరించి తోయకూడదు. గదిలోకి వెళ్ళేవాళ్ళు ఇద్దరిద్దరుగా, చేతులు పట్టుకుని వెళ్ళాలి. ఈ చివరి నియమం మా అప్పది. ఆవిడ పేరుమీద పెట్టండి.

నా తమ్ముడు ఈ సభలో మూడో వరసలో కూర్చున్నాడు. వాడి గురించి చెబుతానని ముందే అనుమతి అడిగాను. "చెప్పు, కాని నా పేరు చెప్పకు" అన్నాడు. రాత్రిపూట పేర్లు చెప్పకూడదన్న పాత అలవాటు. ఇవాళ రాత్రి వాడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. మనవడు ఆటలో నాలుగో చోటు ఖాళీ ఉంచాడు. అరవై ఏడేళ్ళ మనిషికి ఆ యంత్రం తల మీద పడుతుందో లేదో చూడాలి. పట్టకపోతే పక్కన కూర్చుని చూస్తానన్నాడు.